కొనుగోలుదారు మనసు: ఉద్వేగం, గ్రహింపుల మీద నూరేళ్ల వాదం

కొనేవారు ఆలోచించి కొంటారా, మనసు లాగిందని కొంటారా అన్న వాదం వినియోగదారుల మనస్తత్వశాస్త్రంతో పాటే పుట్టింది. ఆర్థికశాస్త్రం చాలాకాలం మొదటి పక్షాన నిలిచింది. ధర, నాణ్యత, అవసరం బేరీజు వేసుకుని తనకు ఎక్కువ మేలు చేసే వస్తువును ఎంచుకునే మనిషిని అది ఊహించుకుంది. ప్రకటనల రంగానిది మొదటి నుంచీ రెండో పక్షమే. ఈ రెంటి నడుమ ఎన్నో ప్రయోగాలు, సిద్ధాంతాలు, కొన్ని మోసాలు కూడా పోగుపడ్డాయి. ఇప్పుడు మెదడు స్కానర్లు, ముఖాలు చదివే సాఫ్ట్‌వేర్లు కూడా చేరడంతో ఏది రుజువైందో, ఏది అమ్మేవారి గొప్పో విడదీయడం కష్టమైంది.

కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం అందించిన సమాచారాన్ని మనసు ఇది ఫలానా అని పోల్చుకోవడం గ్రహింపు. ఆ ఫలానాది మంచిదా చెడ్డదా, కావాలా వద్దా అని మనసులో, ఒంట్లో కలిగే కదలిక ఉద్వేగం. పాఠ్యపుస్తకాలు ఈ రెంటినీ వేర్వేరు అధ్యాయాల్లో పెడతాయి. పరిశోధన మాత్రం ఆ గోడను చాలాచోట్ల కూల్చేసింది. బలమైన ఆధారాలు దొరికిందీ, తేలని చిక్కులు మిగిలిందీ ఈ రెండూ కలిసే చోటే.

తేడా ఎప్పుడు తెలుస్తుంది?

గ్రహింపును కొలవడం జర్మనీలో మొదలైంది. లీప్‌జిగ్‌లో ఎర్నెస్ట్ వేబర్ బరువులు ఎత్తించి చేసిన పరీక్షల్లో ఒక క్రమం కనిపెట్టి 1834లో ప్రకటించాడు. రెండు బరువుల మధ్య తేడా తెలియాలంటే ఎన్ని గ్రాములు పెరగాలన్నది స్థిరంగా ఉండదు. మొదటి బరువులో ఎన్నో వంతు పెరగాలన్నది దాదాపు స్థిరంగా ఉంటుంది. గుస్టాఫ్ ఫెక్నర్ 1860లో దీన్ని గణిత సూత్రంగా మలిచాడు. మార్కెటింగ్ పుస్తకాలు ఈ సూత్రాన్ని ధరలకు అన్వయించాయి. వంద రూపాయల వస్తువు మీద పది రూపాయల తగ్గింపు ఆకర్షిస్తుంది. పదివేల రూపాయల ఫోను మీద అదే పది రూపాయలను ఎవరూ లెక్కచేయరు. కష్టార్జితం ఎక్కడ మిగిలినా పది రూపాయలు పది రూపాయలే అన్న ఆర్థికశాస్త్రపు ఊహ ఇక్కడే మొదటిసారి దెబ్బతింటుంది.

ఐదు, పది రూపాయల ప్యాకెట్ల మీద భారతీయ బిస్కెట్, సబ్బు, చిప్స్ కంపెనీలు నడిపే వ్యాపారం ఈ సూత్రానికి నిత్య ఉదాహరణ. ముడిసరుకు ఖరీదు పెరిగితే ధర ముట్టుకోరు, గ్రాములు తగ్గిస్తారు. ఐదు రూపాయల బిళ్ల చేతిలో పట్టుకుని వచ్చేవారికి ధర మారితే వెంటనే తెలుస్తుంది; నాలుగైదు గ్రాములు తగ్గితే చేతికి గానీ కంటికి గానీ తెలియదు. ఇలా చేయడం చట్టవిరుద్ధం కాదు, బరువు ప్యాకెట్ మీద అచ్చవుతుంది. అయితే అచ్చయిన ప్రతిదీ మనసుకెక్కదు. గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో కూడా ముద్రించాలన్న నిబంధన అమల్లోకి రావడానికి కారణం ఇదే.

అంకెల గ్రహింపు మీద పరిశోధన ఇంకాస్త లోతుకు వెళ్లింది. మన దగ్గర జనం ‘బాటా రేటు’ అనే 299, 499 తరహా ధరల మీద మనోజ్ థామస్, విక్కీ మోర్విట్జ్ 2005లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం, ఎడమ అంకె మారినప్పుడే ఈ ధర చవకగా తోస్తుంది. 300 కన్నా 299 బాగా తక్కువగా కనిపిస్తుంది గానీ, 360 పక్కన 359కి ఆ బలం లేదు. చదివేటప్పుడు మనసు మొదటి అంకె దగ్గరే పరిమాణాన్ని ఊహించేసుకుంటుందన్నది వీరి వివరణ.

ధరను ముక్కలు చేసి చెబితే మొత్తం తక్కువగా గుర్తుంటుందని మోర్విట్జ్ బృందం 1998లోనే చూపింది. బంగారం దుకాణంలో బోర్డు మీద గ్రాము రేటు కనిపిస్తుంది; తరుగు, మజూరీ, రాళ్ల ఖరీదు, పన్ను బిల్లులో ఒకదాని తర్వాత ఒకటి చేరతాయి. పోల్చుకోవడానికి కస్టమరు మనసులో నిలిచేది బోర్డు మీది అంకె. అమెరికాలో రాజ్ చెట్టి, ఆడమ్ లూనీ, కోరీ క్రాఫ్ట్ 2009లో ప్రచురించిన క్షేత్ర ప్రయోగం ఈ విషయంలో చాలా విలువైనది. అక్కడ అమ్మకపు పన్నును కౌంటరు దగ్గర కలుపుతారు. ఒక కిరాణా దుకాణంలో కొన్ని వస్తువులకు పన్ను కలిపిన ధరను అర దగ్గరే చీటీ మీద చూపిస్తే, వాటి అమ్మకాలు సుమారు 8 శాతం తగ్గాయి. పన్ను ఉంటుందని ఆ జనానికి తెలియక కాదు, కళ్లముందు లేదు, అంతే. అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ చిల్లర ధర ప్యాకెట్ మీద ఉండాలన్న భారతీయ నియమం ఎంత పెద్ద రక్షణో ఈ ఫలితం చెబుతుంది.

ఎదురుచూపు రుచిని మారుస్తుంది

గ్రహింపులోకి ఉద్వేగం ఎలా చొరబడుతుందో చూపిన తొలి ప్రయోగాల్లో ఆలిసన్, ఉల్ 1964లో ప్రచురించిన బీరు పరీక్ష ఒకటి. చీటీలు తీసేసిన సీసాలు ఇచ్చినప్పుడు తాగేవారు తమకిష్టమైన బ్రాండును గుర్తుపట్టలేకపోయారు. బ్రాండ్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కూడా చెప్పలేకపోయారు. చీటీలు అంటించి ఇచ్చినప్పుడు ఎవరి బ్రాండుకు వారు ఎక్కువ మార్కులు వేశారు.

ఫ్రాన్స్‌లోని బోర్డోలో 2001లో వెలువడిన అధ్యయనం మరింత ఆశ్చర్యకరమైనది. ద్రాక్షసారా శాస్త్రం చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వారు దాని వాసనను ఎర్ర వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. శిక్షణ పొందిన ముక్కును కన్ను లోబరుచుకుంది.

ధర కూడా అదే పని చేస్తుంది. హిల్కే ప్లాస్‌మన్ బృందం 2008లో 20 మందిని స్కానర్‌లో పడుకోబెట్టి, ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదనీ, మరోసారి 90 డాలర్లదనీ చెప్పి తాగించింది. ఖరీదైనదని చెప్పినప్పుడు బాగుందన్నారు. సుఖానుభూతితో ముడిపడిన కక్ష్యా-లలాట ప్రాంతంలో చురుకుదనం కూడా పెరిగింది. రుచిని మొదట అందుకునే ప్రాంతాల్లో మాత్రం మార్పు కనబడలేదు. అంటే నాలుక చెప్పింది మారలేదు, దాని మీద మనసు వేసిన విలువ మారింది. అదే ఏడాది రాబిన్ గోల్డ్‌స్టీన్ బృందం ఆరువేలకు పైగా రుచిపరీక్షలను పరిశీలించి, ధర తెలియనప్పుడు మామూలు జనానికి ఖరీదైన వైన్ ఎక్కువ నచ్చదని, కాస్త తక్కువే నచ్చుతుందని తేల్చింది. రెండు అధ్యయనాల పద్ధతులు వేరు, దారులు వేరు. చేరిన చోటు ఒకటే. ఈ రంగం మొత్తంలో నమ్మదగ్గ నిర్ధారణ ఏదంటే ముందుగా చెప్పాల్సింది ఇదే: ఎదురుచూపు అనుభవంలో భాగమవుతుంది.

తక్కువ ధర కూడా ఒక కబురు మోసుకొస్తుంది. టాటా మోటార్స్ 2009 మార్చిలో మార్కెట్లోకి తెచ్చిన నానో కారు ‘ప్రపంచంలోకెల్లా చౌక కారు’గా పేరుపడింది. స్కూటర్ మీద నలుగురు కూర్చుని వెళ్లే కుటుంబానికి భద్రమైన వాహనం ఇవ్వాలన్నది దాని వెనుక ఉద్దేశం. కానీ కారు కొనడం మధ్యతరగతి ఇంట్లో ఒక మెట్టు ఎక్కడం. ‘చౌక’ అన్న ముద్రతో ఆ మెట్టు ఎక్కడానికి ఎక్కువమంది ఇష్టపడలేదు. అలా పేరుపడటం పొరపాటని రతన్ టాటా తర్వాత బాహాటంగానే అన్నారు. కర్మాగారం గుజరాత్‌కు తరలిపోవడం వల్ల జరిగిన జాప్యం, కొన్ని కార్లు అంటుకున్న ఘటనలు కూడా దెబ్బతీశాయి గనుక వైఫల్యాన్నంతా మనస్తత్వానికే కట్టబెట్టడం సరికాదు.

మనస్తత్వశాస్త్రం బజారుకు వచ్చిన తీరు

నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ డిల్ స్కాట్ 1903లో ప్రకటనల సిద్ధాంతం మీద పుస్తకం వెలువరించాడు. కొనేవాడు తర్కించేవాడు కాదు, సూచనకు లొంగేవాడు అన్నది అతని వాదం. ప్రవర్తనావాదానికి ఆద్యుడైన జాన్ బి. వాట్సన్ విశ్వవిద్యాలయ ఉద్యోగం పోయాక 1920లో జె. వాల్టర్ థాంప్సన్ ప్రకటనల సంస్థలో చేరాడు. వియన్నా నుంచి 1938లో అమెరికా చేరిన ఎర్నెస్ట్ డిక్టర్ ఫ్రాయిడ్ పద్ధతులను తెచ్చాడు. గంటల తరబడి మాట్లాడించి, వస్తువు వెనుక దాగిన కోరికను బయటకు లాగడం అతని ‘ప్రేరణ పరిశోధన’.

ఈ బడి మీద చెప్పుకునే కథల్లో కొన్ని పరీక్షకు నిలవవు. కేకు పిండి ప్యాకెట్‌లో గుడ్డుపొడి తీసేసి, గృహిణి చేత తాజా గుడ్డు కొట్టించమని డిక్టర్ సలహా ఇవ్వడంతో అమ్మకాలు పెరిగాయన్నది అందులో బాగా ప్రచారమైనది. తాజా గుడ్డు కలుపుకునే కేకు పిండికి ఒక అమెరికన్ కంపెనీ 1930ల్లోనే పేటెంటు తీసుకుంది. డిక్టర్ వివరణ ఇంపుగా ఉండటం వల్లే ఆ కథ బతికింది.

కల్పనకు పరాకాష్ఠ 1957లో వచ్చింది. న్యూజెర్సీలోని ఫోర్ట్ లీ సినిమా హాల్లో, కంటికి ఆననంత వేగంగా ‘కోకా-కోలా తాగండి’, ‘పాప్‌కార్న్ తినండి’ అన్న మాటలు తెర మీద మెరిపించానని, అమ్మకాలు ఎగబాకాయని జేమ్స్ వికరీ అనే మార్కెట్ పరిశోధకుడు ప్రకటించాడు. అదే ఏడాది వచ్చిన వాన్స్ పకార్డ్ పుస్తకం ‘ది హిడెన్ పర్సుయేడర్స్’ అప్పటికే జనాన్ని భయపెట్టి ఉంది. అమెరికా అంతటా కలకలం రేగింది. చెప్పుకోదగ్గ సమాచారమేదీ తన దగ్గర లేదని వికరీ 1962లో ఒప్పుకున్నాడు. అప్పటికి నమ్మకం నాటుకుపోయింది. చూశానన్న స్పృహ లేని ప్రభావం పూర్తిగా అబద్ధమూ కాదు. నెదర్లాండ్స్‌లో యోహాన్ కారెమన్స్ బృందం 2006లో ఒక పానీయం పేరును అలా మెరిపిస్తే, అప్పటికే దాహంగా ఉన్నవారు దాని వైపు కొంత మొగ్గారు. దాహం లేనివారిలో ఏ మార్పూ లేదు. ఉన్న కోరికను కాస్త మళ్లించడానికీ, లేని కోరికను పుట్టించడానికీ చాలా దూరం ఉంది.

డిక్టర్ మీద విసుగు, కంప్యూటర్ల మీద మోజు కలిసి 1960ల చివర్లో గాలిని మార్చాయి. జాన్ హోవర్డ్, భారత సంతతికి చెందిన జగదీశ్ సేథ్ కలిసి 1969లో ఇచ్చిన నమూనా, జేమ్స్ బెట్‌మన్ 1979 నాటి పుస్తకం కొనేవారిని సమాచారం సేకరించి, పోల్చి, తేల్చుకునేవారిగా చిత్రించాయి. సినిమా టికెట్టు, పట్టుచీర, పండుగ బట్టలు ఈ చిత్రంలో ఎక్కడ ఇముడుతాయన్న ప్రశ్నకు జవాబు లేకపోయింది. మోరిస్ హోల్‌బ్రూక్, ఎలిజబెత్ హిర్ష్‌మన్ 1982లో ఆ ఖాళీని ఎత్తిచూపారు. వస్తువు వాడకంలో ఊహలు, అనుభూతులు, సరదా ఉంటాయని, వాటిని వదిలేసిన శాస్త్రం సగం శాస్త్రమేనని వాదించారు.

భావం ముందా, ఆలోచన ముందా?

అసలు మనస్తత్వశాస్త్రంలో అప్పటికే పెద్ద పోరు నడుస్తోంది. అర్థం లేని మాటలనైనా, తెలియని లిపి అక్షరాలనైనా పదేపదే చూపితే ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ 1968లో చూపాడు. ఇష్టపడటానికి ముందు ఆలోచన అక్కర్లేదని 1980లో ఇంకో అడుగు ముందుకేశాడు. రిచర్డ్ లాజరస్ ఒప్పుకోలేదు. ఎదుట ఉన్నది తనకు మేలా కీడా అన్న అంచనా, అది ఎంత వేగంగా, ఎంత తెలియకుండా జరిగినా, లేకుండా ఉద్వేగం పుట్టదన్నాడు. నాలుగేళ్లపాటు సాగిన ఈ వాదంలో సగం తగువు ‘ఆలోచన’ అని దేన్ని పిలవాలన్న దాని మీదే. ప్రకటనల రంగానికి జాయన్స్ పరిశోధన వరమైంది. పేరు కళ్ల ముందు తిప్పుతూ ఉండటమే పనిచేస్తుందన్న వ్యాపారుల అనుభవానికి శాస్త్రం తోడైంది.

ఆంటోనియో డమాసియో 1994లో ప్రచురించిన పుస్తకంతో వాదం మలుపు తిరిగింది. మెదడు ముందుభాగంలో లోపలి కింది వైపు దెబ్బతిన్న రోగుల తెలివితేటలు, జ్ఞాపకం చెక్కుచెదరలేదు, ఉద్వేగాలు మొద్దుబారాయి. అలాంటివారు రోజువారీ చిన్న నిర్ణయాలకు కూడా తంటాలు పడ్డారు. ఉద్వేగం లేకపోతే తర్కం స్వచ్ఛంగా పనిచేయడం మాట అటుంచి, అసలు తెగదని ఆయన తేల్చారు. శరీరం ముందే ఇచ్చే హెచ్చరికలు నిర్ణయానికి దారి చూపుతాయన్న ఆయన సిద్ధాంతానికి ఆధారం పేకముక్కల ఆట ప్రయోగం. ఆ ఆటలో ఏ కట్ట నష్టమో జనానికి స్పృహలోనే చాలావరకు తెలుసని టియాగో మాయా, జేమ్స్ మెక్లెలండ్ 2004లో చూపడంతో ఆ సిద్ధాంతం కొంత బలం కోల్పోయింది. రోగుల పరిశీలన మాత్రం నిలిచే ఉంది.

డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ మరో దారిన వచ్చారు. 1979లో వారు ప్రతిపాదించిన సిద్ధాంతంలో లాభం కన్నా అంతే నష్టం ఎక్కువ బాధిస్తుంది. కానమన్, క్నెచ్, థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగంలో కాఫీ కప్పు చేతికి వచ్చినవారు దాన్ని వదులుకోవడానికి అడిగిన ధర, కప్పు లేనివారు ఇవ్వజూపిన ధరకు సుమారు రెట్టింపు. వస్తువును చేత్తో తాకితేనే తనదన్న భావన కొంత వస్తుందని జోవన్ పెక్, సుజేన్ షు 2009లో చూపారు. చీర మడతలు విప్పి కస్టమరు భుజం మీద వేసి అద్దం ముందు నిలబెట్టే చీరల దుకాణాలకు ఈ సంగతి ముందు నుంచీ తెలుసు.

ఈ నాలుగు బడులను పక్కపక్కన పెడితే తేడా స్పష్టమవుతుంది. సమాచార బడికి ఉద్వేగం బేరీజులో కలిసే మరొక అంశం, ఒక్కోసారి అడ్డంకి. జాయన్స్, హోల్‌బ్రూక్‌ల బాటలో ఉద్వేగమే అసలు సరుకు. కారణాలు తర్వాత వెతుక్కునేవి. డమాసియో దృష్టిలో అది తర్కానికి అవసరమైన పనిముట్టు. కానమన్ వారసులు మధ్యలో నిలిచి, చటుక్కున స్పందించే మనసు, నిదానంగా లెక్కవేసే మనసు అని పని పంచుతారు. ఈ చివరి విభజన పాఠం చెప్పడానికి వీలుగా ఉంది గనుకే అంత వ్యాపించింది. మెదడులో అలాంటి రెండు వేర్వేరు వ్యవస్థలు ఉన్నాయనడానికి ఆధారం బలహీనం. పప్పుకు ఎంత పెడుతున్నామో, పిల్లల చదువుకు ఎంత పెడుతున్నామో ఒకే మనిషి రెండు రకాలుగా తేల్చుకోవడం చూస్తే, ఏ బడి నిజమన్న ప్రశ్న కన్నా ఏ కొనుగోలుకు ఏ బడి సరిపోతుందన్న ప్రశ్నే ఫలవంతం.

కోలాల వివాదం

సిద్ధాంతాలన్నీ ఒకేచోట పరీక్షకు నిలిచిన ఉదంతం కోలాలది. పెప్సీ 1975లో మొదలుపెట్టిన బహిరంగ రుచిపరీక్షల్లో పేరు దాచి ఇచ్చినప్పుడు ఎక్కువమంది తన పానీయాన్నే ఎంచుకున్నారని చాటుకుంది. కలవరపడ్డ కోకా-కోలా తీపి పెంచిన కొత్త సూత్రాన్ని తయారుచేసి సుమారు రెండు లక్షల మందితో రుచి చూపించింది. పాతదాని కన్నా, పెప్సీ కన్నా కొత్తదే బాగుందని ఎక్కువమంది అన్నారు. 1985 ఏప్రిల్ 23న పాత కోకా-కోలాను ఆపేసి కొత్తదాన్ని విడుదల చేశారు. జనం తిరగబడ్డారు. కంపెనీకి రోజుకు 1,500 దాకా ఫోన్లు వచ్చాయి. 79 రోజులకే, జులై 11న, పాత కోకా-కోలాను తిరిగి తెస్తున్నట్టు ప్రకటించారు.

రెండు లక్షల మంది అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రశ్నలోనే లోపం ఉంది. గుక్కెడు రుచి చూసినప్పుడు తీపి నచ్చుతుంది. సీసా అంతా తాగినప్పుడు, వారాల తరబడి తాగినప్పుడు నచ్చేది వేరు కావచ్చు. కొత్తది వస్తే పాతది పోతుందని ఎవరికీ చెప్పలేదు. నష్టం బాధ లాభానందం కన్నా పెద్దదన్న కానమన్ మాట ఇక్కడ సరిగ్గా అతికింది. చిన్ననాటి జ్ఞాపకాలతో ముడిపడ్డ వస్తువు మనిషి తన గురించి తాను అనుకునేదాంట్లో భాగమవుతుందని రస్సెల్ బెల్క్ 1988లో రాసిన వ్యాసం ఈ కోపానికి మరో వివరణ.

హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో రీడ్ మాంటేగ్ బృందం 2004లో ఇదే ప్రశ్నను స్కానర్‌లోకి తీసుకెళ్లింది. పేరు చెప్పకుండా ఇస్తే ఇష్టాలు రెండు వైపులా చీలాయి. కోకా-కోలా అని చెప్పి ఇస్తే జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోక్యాంపస్‌లో, లలాట భాగపు పక్క ప్రాంతాల్లో చురుకుదనం పెరిగి, మొగ్గు కోకా-కోలా వైపు మారింది. పెప్సీ పేరు అలాంటి ప్రభావం చూపలేదు. స్కాన్ చిత్రం సంబంధాన్ని చూపగలదు, కారణాన్ని కాదు. ఆ లోటును మైకేల్ కోనిగ్స్, డేనియల్ ట్రనెల్ 2008లో పూరించారు. డమాసియో పరిశీలించిన తరహాలోనే మెదడు దెబ్బతిన్నవారు పేరు దాచినప్పుడు ఎంచుకున్న పెప్సీనే పేరు తెలిశాక కూడా ఎంచుకున్నారు. బ్రాండు మీది అభిమానం రుచి మీద పనిచేయాలంటే ఆ మెదడు భాగం ఉండాలన్నమాట. నాడీశాస్త్రం ఈ రంగానికి ఇచ్చినవాటిలో ఇంత శుభ్రమైన ఆధారం మరొకటి అరుదు.

కోలా కథకు దగ్గరి భారతీయ పోలిక మ్యాగీది. సీసం ఎక్కువుందన్న ఆరోపణ మీద 2015 జూన్‌లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ నూడుల్స్‌ను నిషేధించింది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. నవంబరులో సరుకు తిరిగి దుకాణాలకు చేరింది. అంత భయం పుట్టించిన వార్త తర్వాత కూడా మొదటి స్థానం మళ్లీ దక్కించుకుంది. ఇందులో అభిమానం పాలు ఎంత, పోటీదార్ల బలహీనత పాలు ఎంత అన్నది విడదీసి కొలిచే వీలు లేదు.

ఏ ఉద్వేగం ఏం చేస్తుంది?

ఉద్వేగాలను ‘మంచి’, ‘చెడ్డ’ అని రెండుగా చూస్తే చాలదని జెన్నిఫర్ లెర్నర్, డేకర్ కెల్ట్‌నర్ 2000 నుంచి వాదిస్తున్నారు. భయం, కోపం రెండూ బాధాకరాలే. భయపడ్డవారికి ముప్పు పెద్దదిగా, కోపంలో ఉన్నవారికి చిన్నదిగా కనిపిస్తుంది. లెర్నర్ బృందం 2004లో చేసిన ప్రయోగంలో జుగుప్స పుట్టించే సినిమా దృశ్యం చూసినవారు అమ్మే ధర, కొనే ధర రెండూ తగ్గించారు: చేతిలోది వదిలించుకోవాలి, కొత్తది వద్దు. దుఃఖం కలిగించే దృశ్యం చూసినవారు చేతిలోదాన్ని తక్కువకే వదిలేశారు, కొత్తదానికి ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డారు. దుఃఖం పరిస్థితిని మార్చుకోమంటుందన్నది వారి వివరణ.

దుకాణ వాతావరణం మీద పని ఫిలిప్ కాట్లర్ 1970ల్లో రాసిన వ్యాసంతో ఊపందుకుంది. రోనాల్డ్ మిలిమన్ 1982లో ఒక సూపర్‌మార్కెట్‌లో నిదానపు సంగీతం వినిపిస్తే, వేగపు సంగీతంతో పోలిస్తే అమ్మకాలు 38 శాతం ఎక్కువయ్యాయి. జనం నెమ్మదిగా నడిచారు. ఈ అంకెను ఇప్పటికీ ప్రతి పాఠ్యపుస్తకం చెబుతుంది. అది ఒక్క దుకాణంలో తేలిన ఫలితమన్న మాట చాలా పుస్తకాల్లో కనబడదు.

కొలతల చిక్కులు

ఈ రంగంలో నిజమైన సంక్షోభం కొలతలదే. పరిశోధకుల బృందం ఒకటి 100 మనస్తత్వ ప్రయోగాలను తిరిగి చేస్తే 36 శాతంలోనే స్పష్టమైన ఫలితం వచ్చిందని 2015లో ప్రకటించింది. తిండి అలవాట్ల మీద పేరుమోసిన బ్రయన్ వాన్సింక్ విషయంలో కార్నెల్ విశ్వవిద్యాలయం 2018లో పరిశోధనా దుష్ప్రవర్తన జరిగిందని తేల్చింది. ఆయన పత్రాలు చాలావాటిని పత్రికలు వెనక్కి తీసుకున్నాయి. షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ 2000లో ప్రచురించిన జామ్ ప్రయోగంలో 24 రకాలు పెడితే ఆగినవారిలో 3 శాతం, 6 రకాలు పెడితే 30 శాతం కొన్నారు. తర్వాతి ప్రయోగాలన్నీ కలిపి 2010లో లెక్కిస్తే సగటు ప్రభావం సున్నాకు దగ్గరగా తేలింది. 2015 నాటి మరో సమీక్ష, రకాలను పోల్చడం కష్టమైనప్పుడు, తనకేం కావాలో కొనేవారికి స్పష్టంగా లేనప్పుడు ఆ ప్రభావం నిజమేనంది. కాబట్టి ‘ఎక్కువ రకాలు వద్దు’ అన్న సలహాను అన్ని దుకాణాలకూ వర్తింపజేయడం తప్పు.

మెదడులో ఫలానా చోటు వెలిగింది గనుక ఫలానా ఉద్వేగం కలిగిందనడం చెల్లదని రస్సెల్ పోల్డ్రాక్ 2006లో హెచ్చరించాడు. ఒక్కో ప్రాంతం పది పనుల్లో పాల్గొంటుంది. లెక్కలు సరిదిద్దకపోతే చచ్చిన సాల్మన్ చేప మెదడులో కూడా ‘చురుకుదనం’ కనిపిస్తుందని 2009లో ఒక బృందం చూపింది. ముఖాన్ని బట్టి ఉద్వేగం చదువుతామనే సాఫ్ట్‌వేర్ల పునాది మీద లీసా ఫెల్డ్‌మన్ బారెట్ బృందం 2019లో పెద్ద సమీక్ష చేసి, కవళిక ఒక్కటే చూసి లోపలి భావం చెప్పడానికి ఆధారం చాలదంది. ఉద్వేగాల జాబితా అన్నిచోట్లా ఒకటేనా అన్న తగువూ దీనితో ముడిపడిందే. అహల్య హెజ్మాడీ, పాల్ రోజిన్ బృందం 2000లో నాట్యశాస్త్ర సంప్రదాయంలో అభినయించిన పది భావాలను అమెరికన్లకూ భారతీయులకూ చూపించింది. పాశ్చాత్యుల మూల ఉద్వేగాల పట్టికలో లేని లజ్జ, శాంతం, వీరం కూడా అందులో ఉన్నాయి. రెండు దేశాలవారూ చాలావరకు గుర్తుపట్టారు. అయితే అవి అభినయాలు. దుకాణంలో నిలబడ్డ మనిషి అలా అభినయించడు.

ఇలాంటి స్థితిలో క్షేత్ర ప్రయోగాల మాటకే ఎక్కువ బరువు ఇవ్వాలి. మరియన్ బెర్ట్రాండ్, సెంథిల్ ముల్లైనాథన్, మరికొందరు కలిసి దక్షిణాఫ్రికాలో ఒక రుణసంస్థ పంపే 50 వేలకు పైగా ఉత్తరాల్లో వడ్డీరేటునూ, ఉత్తరం రూపాన్నీ మార్చి చూశారు. 2010లో ప్రచురితమైన ఆ ఫలితాల్లో స్త్రీ ఫొటో ఉన్న ఉత్తరం గిరాకీని పెంచిన తీరు వడ్డీని బాగా తగ్గించినదానికి సమానం. ఉత్తరంలో మార్చి చూసిన మిగతా హంగుల్లో చాలావాటికి ప్రభావమే లేదు. ఏది పనిచేస్తుందో ముందుగా చెప్పడం కష్టమైందని పరిశోధకులే ఒప్పుకున్నారు. ఉద్వేగం అసలు డబ్బు నిర్ణయాలను కదిలిస్తుంది; ఏ మీట నొక్కితే కదులుతుందో శాస్త్రం ఇంకా చెప్పలేదు.

ఒక్కరా, నలుగురా?

ఈ సాహిత్యంలో కొనేవారు దాదాపు ఎప్పుడూ ఒక్కరే, అదీ ఎక్కువగా అమెరికన్ విద్యార్థి. తెలుగు ఇళ్లలో పెళ్లి బట్టలకో బంగారానికో నలుగురు కలిసి వెళ్తారు. పెళ్లికూతురి ఇష్టం, తల్లి లెక్క, మేనత్త మాట, వియ్యంకుల ముందు చిన్నబోకూడదన్న భయం అన్నీ ఒకే కౌంటరు ముందు కూర్చుంటాయి. అక్కడ ఎవరి ఉద్వేగాన్ని కొలవాలి? గర్వం, మొహమాటం, పరువు వంటివి ఒంటరి మనిషి ప్రయోగంలో పుట్టనే పుట్టవు. అక్షయ తృతీయ నాడు ధర పెరిగినా బంగారం కొనడానికి శుభం అన్న భావన, పొదుపు అన్న లెక్క, అందరూ కొంటున్నారన్న ఒత్తిడి కలిసి కారణాలు. వీటిని విడదీసే ప్రయోగాలకు ఇక్కడి విశ్వవిద్యాలయాలే పూనుకోవాలి. భారతీయ క్షేత్ర పరిశోధన ఏం తేగలదో చూపిన ఉదాహరణ ఒకటుంది. ఆనంది మణి బృందం 2013లో తమిళనాడు చెరకు రైతులనే కోతకు ముందు, కోత తర్వాత పరీక్షించి, చేతిలో డబ్బు లేని రోజుల్లో అదే మనిషి ఆలోచనా సామర్థ్యం తగ్గుతుందని చెప్పింది. వాదోపవాదాలకు తావిచ్చినా, ఆ పని కొనేవారి మనసును వారి బతుకులోనే పెట్టి చూసింది.

చట్టం దగ్గర మిగిలిన ప్రశ్న

ఉద్వేగాన్ని కదపడం తప్పయితే పండుగ ప్రకటనలన్నీ తప్పే. మరి హద్దు ఎక్కడ? కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాలు ఆన్‌లైన్ అమ్మకాల్లో 13 రకాల మోసపు పద్ధతులను పేర్కొన్నాయి. ‘ఒక్కటే మిగిలింది’ అని లేని తొందర పుట్టించడం, వద్దని నొక్కేవారిని సిగ్గుపడేలా చేయడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం, ధరను చివరిదాకా విడతలుగా చూపడం వాటిలో ఉన్నాయి. వీటిలో మొదటి రెండూ ఉద్వేగం మీద, చివరి రెండూ గ్రహింపు మీద పనిచేస్తాయి. అబద్ధం ఉన్నచోట చట్టం పని తేలిక; ఒక్కటే మిగిలిందన్నది నిజమా కాదా అని గోదాము చూసి తేల్చవచ్చు. నిజాన్నే చెబుతూ, ఒక మనిషి బలహీన ఘడియను అతని ఫోను వాడకం నుంచి పసిగట్టి అప్పుడే చూపించే ప్రకటన ఏ కోవలోకి వస్తుందో ఆ 13లో స్పష్టంగా లేదు. దుఃఖంలో ఉన్నవారు ఎక్కువ ధర ఇస్తారన్న 2004 నాటి ప్రయోగశాల ఫలితం బజారులో ఏ మేరకు నిలుస్తుందో తేలేదాకా, ఆ కోవకు నియమం రాసేవారి చేతిలో కొలత ఉండదు. ఆ కొలతకు కావలసిన సమాచారమంతా ప్రస్తుతం అమ్మే కంపెనీల సర్వర్లలోనే ఉంది, పరిశోధకులకు అందుబాటులో లేదు.